చెవిలో నీరు - నోటిలో మాట

పసిబిడ్డకు రెండేండ్లు నిండినా మాటలు రాకపోతే మన ఇండ్లలో పెద్దవారు మొదట తలచుకొనేది వసకొమ్మును. దానిని సానమీద అరగదీసి, తేనెలో రంగరించి, బిడ్డ నాలుకకు రాయడం తరతరాలుగా వస్తున్న ఆచారం. గలగల మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అనడం వినని తెలుగువారుండరు. (ఏడాది నిండని బిడ్డకు తేనె గాని, పసివారికి వస గాని పెట్టవద్దని నేటి వైద్యులు చెబుతున్నారు. అది వేరే సంగతి.) ఈ ఆచారం వెనుక ఒక ఊహ ఉన్నది. మాట నాలుకకు సంబంధించినదనీ, నాలుకను మేలుకొలిపితే మాట దానంతట అదే వస్తుందనీ ఆ ఊహ.

కాని మాట పుట్టేది నోటిలో అయినా, అది లోపలికి ప్రవేశించే ద్వారం చెవి. బిడ్డ పలికే మొదటి మాటకు ముందు ఏడాదిపాటు వినికిడి జరిగి ఉండాలి. పుట్టుచెవిటివారు మూగవారు కూడ అవుతారని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ గమనించాడు. వారి నాలుకలో లోపమేమీ లేదని తేలడానికి మాత్రం చాలా కాలం పట్టింది. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు సన్యాసి పేద్రో పోన్సె ద లెయోన్, ప్రభువుల ఇండ్లలో పుట్టిన చెవిటి పిల్లలకు మాట్లాడడం నేర్పి ఈ సంగతిని రుజువు చేశాడు.

పూర్తి చెవుడు సంగతి అట్లా ఉంచి, సగం సగం వినిపించే చెవి మాటేమిటి? పడిశం పట్టినప్పుడల్లా చెవిపోటు వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చే పసివాని గతి ఏమిటి? ఈ ప్రశ్న వైద్యుల ముందుకు వచ్చి నూటయాభై ఏండ్లు దాటింది. దానికి తృప్తికరమైన సమాధానం దొరికి పాతికేండ్లు కూడ గట్టిగా కాలేదు.

గాలి గది

చెవి వెలుపలి కాలువ చివర బిగించిన పలుచని పొర కర్ణభేరి. దాని వెనుక ఉన్న చిన్న గదినే మధ్య చెవి అంటారు. అందులో సుత్తి, దాగలి, అంకవన్నె ఆకారాలలో మూడు చిట్టి ఎముకలు గొలుసువలె అమరి ఉంటాయి. లోపలి చెవిలో ఉన్నది ద్రవం. గాలిలోని శబ్దం సూటిగా ద్రవాన్ని తాకితే వెయ్యింట తొమ్మిదివందల తొంభైతొమ్మిది పాళ్ళు వెనుకకు తిరిగిపోతుంది. చెరువులో మునిగినవానికి గట్టుమీది కేకలు సరిగా వినిపించకపోవడానికి ఇదే కారణం. ఈ నష్టాన్ని పూడ్చడమే మధ్య చెవి పని. కర్ణభేరిలో కదిలే భాగం వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. అంకవన్నె అడుగు ఆనే కిటికీ వైశాల్యం కొంచెమెచ్చు తక్కువగా 3.2 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద పొరపై పడిన బలమంతా చిన్న కిటికీపై కేంద్రీకరించడంవల్ల ఒత్తిడి 17 రెట్లు పెరుగుతుంది. ఎముకల గొలుసు మీటవలె పనిచేసి దానిని మరికొంత పెంచుతుంది.

ఈ యంత్రం సరిగా పనిచేయాలంటే గదిలో గాలి ఉండాలి. ఆ గాలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో సమానంగా ఉండాలి. గదిలోని గాలిని చుట్టూ ఉన్న పొరలు కొద్దికొద్దిగా పీల్చుకొంటూనే ఉంటాయి. కొత్త గాలి రావడానికి ఉన్న దారి ఒక్కటే. ముక్కు వెనుక భాగానికీ మధ్య చెవికీ మధ్య ఉన్న సన్నని గొట్టం. ఇది పెద్దవారిలో సుమారు 36 మిల్లీమీటర్ల పొడవుండి ఏటవాలుగా దిగుతుంది. పసివారిలో దాని పొడవు ఇంచుమించు సగమే. పైగా దాదాపు అడ్డంగా పడుకొని ఉంటుంది. గొంతులోని క్రిములకు ఇంతకన్న సులువైన దారి మరొకటి ఉండదు. ప్రకృతి ఇక్కడ శిశువు పట్ల కొంత అన్యాయమే చేసింది.

గొట్టం మూసుకొంటే గదిలో గాలి తగ్గుతుంది. కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. పొరలనుండి నీరు ఊరుతుంది. ఆ నీటిలో క్రిములు పెరిగితే చీము, జ్వరం, భరించరాని పోటు. పెరగకపోతే పోటూ ఉండదు, జ్వరమూ ఉండదు. నీరు మాత్రం నిలిచి, క్రమంగా చిక్కబడి, ఒక్కొక్కప్పుడు జిగురువలె మారుతుంది. మొదటిదానిని తల్లి వెంటనే గుర్తిస్తుంది. రెండవదానిని ఎవరూ గుర్తించరు.

గొట్టం కథ

చెవి జబ్బులను ప్రాచీనులు ఎరుగకపోలేదు. సుశ్రుత సంహిత ఇరవైఎనిమిది కర్ణరోగాలను పేర్కొన్నది. చెవినుండి స్రావం కారడానికి తలకు తగిలిన దెబ్బ, నీటిలో మునగడం, లోపలి గడ్డ పక్వానికి రావడం కారణాలని చెప్పింది. తీవ్రమైన జ్వరంతో కూడిన చెవిపోటు ప్రాణాంతకం కావచ్చునని హిప్పోక్రటీస్ సంప్రదాయపు గ్రీకు వైద్యులు హెచ్చరించారు. అయితే చెవిలోపలి గదికీ ముక్కుకూ ఉన్న సంబంధం తెలియనంత వరకు ఈ జబ్బు ఎందుకు వస్తుందో చెప్పడం అసాధ్యం.

ఆ గొట్టాన్ని ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు బార్తలోమియో యుస్టాకీ 1562లో వివరంగా వర్ణించాడు. ఆయన పేరు మీదనే అది నేడు యూస్టేషియన్ నాళంగా వ్యవహారంలో ఉన్నది. 1704లో వాల్సాల్వా, ముక్కు నోరు మూసుకొని బలంగా ఊదితే గాలి చెవిలోకి పోతుందని చూపాడు. విమానప్రయాణంలో చెవులు గడియపడినప్పుడు నేటికీ జనం చేసే పని ఇదే.

ఇక ఆ నాళాన్ని శుభ్రపరచడానికి మొదట పూనుకొన్నవాడు వైద్యుడు కాడు. వర్సాయి పట్టణపు తపాలా అధికారి గియో. తన చెవుడును తానే కుదుర్చుకోదలచి, వంపు తిరిగిన ఒక గొట్టాన్ని నోటిద్వారా వెనుకకు పోనిచ్చి నీళ్ళు కొట్టే ఉపాయం కనిపెట్టి, 1724లో పారిస్ విజ్ఞాన పరిషత్తుకు నివేదించాడు. కొన్నేండ్ల తరువాత క్లీలండ్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడు ముక్కుద్వారా పంపడం తేలికని చూపాడు.

ఇంకొక దారి తొక్కినవాడు లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్. కర్ణభేరి చిల్లిపడినా చక్కగా వినగలిగే ఒక మనిషిని ఆయన పరీక్షించాడు. చిల్లి ఉన్నా వినికిడి ఉంటుందన్నమాట. అయితే గొట్టం మూసుకొని చెవిటివాడైనవానికి కావాలనే ఒక చిల్లి చేస్తే? గాలి ఆ దారిన పోతుంది గదా! అట్లా చేసి చూశాడు. కొందరికి అక్కడికక్కడే వినికిడి తిరిగివచ్చింది. 1800, 1801 సంవత్సరాలలో రాయల్ సొసైటీకి ఆయన పంపిన వ్యాసాలకు కోప్లే పతకం లభించింది. కాని ఆ ఆనందం ఎక్కువకాలం నిలువలేదు. కర్ణభేరికి తన్ను తానే పూడ్చుకొనే గుణం ఉన్నది. కొద్ది రోజులలోనే చిల్లి పూడుకుపోయి చెవుడు మళ్ళీ వచ్చేది. పైగా ఏ రకపు చెవిటివారికి ఇది పనికివస్తుందో చూడకుండా ఎందరెందరో వైద్యులు అందరికీ చిల్లులు పెట్టసాగారు. కూపర్ విసిగి ఆ చికిత్సనే మానుకొన్నాడు. మంచి చికిత్సను అందరికీ చేసి చెడగొట్టడం అదే మొదటిసారి, అదే చివరిసారి కూడ కాదు.

పందొమ్మిదవ శతాబ్దం నడుమ లండన్‌లో జోసెఫ్ టాయిన్బీ, వియన్నాలో ఆడం పోలిట్జర్ చెవి వైద్యాన్ని శాస్త్రంగా నిలబెట్టారు. నాళం మామూలుగా మూసి ఉండి, గుటక వేసినప్పుడు మాత్రమే తెరుచుకొంటుందని టాయిన్బీ చూపాడు. విద్యార్థులెవరైనా ముక్కు మూసుకొని ఒక గుటక వేసి చూస్తే చెవిలో కలిగే మార్పు తెలుస్తుంది. (జలుబు ఉన్నప్పుడు చేయరాదు.) పోలిట్జర్ ఆ తెరుచుకొనే క్షణాన్నే వాడుకొన్నాడు. రోగి నీళ్ళు గుటక వేస్తుండగా రబ్బరు తిత్తితో ముక్కులోకి గాలి కొట్టే పద్ధతిని 1863లో ప్రకటించాడు. మధ్య చెవిలో చీములేని నీరు నిలిచే వ్యాధిని వర్ణించినదీ ఆయనే. కూపర్ చేసిన చిల్లి పూడిపోకుండా గట్టి రబ్బరుతో చిన్న గొట్టం చేసి అమర్చి చూశాడు గాని అది నిలువలేదు.

కోపెన్‌హాగెన్ వైద్యుని వేలు

మాటకూ ఈ జబ్బుకూ సంబంధాన్ని స్పష్టంగా పట్టినవాడు డెన్మార్క్ దేశపు వైద్యుడు హాన్స్ విల్హెల్మ్ మేయర్. ఆయన వద్దకు ఇరవైఏండ్ల యువతి ఒకతె వచ్చింది. ఆమెకు వినికిడి మందం, ముక్కు బిగదీసినట్లుండే మాట. మేయర్ ఆమె అంగిలి వెనుకకు తన వేలును పోనిచ్చి తడిమి చూశాడు. ముక్కు వెనుక గదిని పూర్తిగా కప్పివేసిన మెత్తని కండ వేలికి తగిలింది. అంతవరకు బతికి ఉన్న మనిషిలో ఆ స్థలాన్ని వేలితో పరీక్షించాలని ఎవరికీ తోచకపోవడం ఆశ్చర్యమే. వేలి ఆనవాలుతో, ముక్కుగుండా ఉంగరంవంటి కత్తిని పంపి ఆయన దానిని తీసివేశాడు.

ఆ తరువాత వెదికేకొద్దీ అదే జబ్బు కనబడసాగింది. 1868లో మేయర్ తన పరిశీలనలను ప్రకటించి, ఆ కండలకు అడినాయిడ్ పెరుగుదలలని పేరు పెట్టాడు. ఇటువంటి పిల్లలు నోరు తెరుచుకొని ఊపిరి పీలుస్తారు, రాత్రులు గురక పెడతారు, మందబుద్ధులవలె కనబడతారు. ముక్కు వెనుక దారి మూసుకుపోవడంచేత వారికి అనునాసికాలు పలకవు. ‘మ’ బదులు ‘బ’, ‘న’ బదులు ‘ద’ వినిపిస్తాయి. తెలుగు పిల్లవాడైతే ‘అమ్మ’ అనబోయి ‘అబ్బ’ అంటాడన్నమాట! వారిలో చాలామందికి చెవి జబ్బు కూడ ఉండడం మేయర్ గమనించాడు. కారణం తేలికగానే తెలుస్తుంది. యూస్టేషియన్ నాళపు నోరు ఆ కండల పక్కనే ఉన్నది.

బడిలో మొద్దులని పేరు పడిన పిల్లలు కొందరు చికిత్స తరువాత చదువులో చురుకుగా తేలారని వార్తలు యూరపు అంతటా వ్యాపించాయి. మేయర్ 1895లో మరణించాడు. 1898లో అనేక దేశాల వైద్యులు చందాలు వేసుకొని కోపెన్‌హాగెన్‌లో ఆయన విగ్రహాన్ని నిలిపారు.

చీము రోజులు పోయి

అయితే ఆనాటి వైద్యులకు మాట ఆలస్యం పెద్ద చింత కాదు. ప్రాణం దక్కడమే గొప్ప. చెవిలోని చీము వెనుక ఎముకను తొలిచి మెదడు పొరలకు పాకితే చావు తప్పేది కాదు. రచయిత ఆస్కార్ వైల్డ్ 1900లో పారిస్‌లో మెదడు పొరల వాపుతో చనిపోయాడు. దానికి మూలం చాలాకాలంగా ఉన్న చెవి జబ్బేనని చాలామంది అభిప్రాయం. ఆయన తండ్రి విలియం వైల్డ్ డబ్లిన్‌లో పేరుమోసిన చెవి వైద్యుడు, 1853లో చెవి శస్త్రచికిత్సపై గ్రంథం రాసినవాడు కావడం విధివైపరీత్యం.

1935 తరువాత సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చి ఈ భయాన్ని చాలావరకు తొలగించాయి. ఎముకను తొలిచే శస్త్రచికిత్సలు అరుదయ్యాయి. పోటూ జ్వరమూ రెండు రోజులలో తగ్గేవి. కాని నీరు మిగిలిపోయేది. చీము మాటున ఇంతకాలం మరుగుపడిన ఆ జబ్బు ఇప్పుడు ముందుకు వచ్చింది. బ్రిటన్‌లో దానికి ‘జిగురు చెవి’ అన్న అర్థంలో ‘గ్లూ ఇయర్’ అని పేరు పడింది.

1954లో అమెరికాలో బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వైద్యుడు కర్ణభేరికి గాటు పెట్టి, అందులో సన్నని వినైల్ ప్లాస్టిక్ గొట్టాన్ని అమర్చాడు. పోలిట్జర్ రబ్బరు చేయలేని పనిని ప్లాస్టిక్ చేసింది. చిల్లి నెలల తరబడి పూడుకోలేదు, గాలి ఆడింది, నీరు ఇంకిపోయింది. కూపర్ ఆలోచన నూటయాభై ఏండ్లకు ఫలించింది. గ్రోమెట్ అనే ఈ చిన్న గొట్టం అమర్చడం కొద్ది దశాబ్దాలలోనే అమెరికాలో మత్తు ఇచ్చి పిల్లలకు చేసే శస్త్రచికిత్సలన్నింటిలో ప్రథమస్థానానికి వచ్చింది. 2006 ప్రాంతంలో అక్కడ ఏటా ఆరున్నర లక్షలకు పైగా పిల్లలకు దీనిని అమర్చేవారు. ఇంతమందికి ఎందుకు? దీనికి చెప్పిన కారణాలలో ముఖ్యమైనది ఒకటి: నీరు నిలిస్తే పిల్లవానికి మాట వెనుకబడుతుంది.

నిజంగా వెనుకబడుతుందా?

ఊహ చాలా సహజమైనది. మధ్య చెవిలో నీరు నిలిస్తే వినికిడి సగటున 25 డెసిబెళ్ళ మేరకు తగ్గుతుంది. రెండు చెవులలో వేళ్ళు పెట్టుకొని పాఠం వింటే ఇంచుమించు అదే అనుభవం. పూర్తి చెవుడు కాదు, అచ్చులు వినిపిస్తాయి. సన్నని హల్లులే జారిపోతాయి. ‘తాత, పాప, కాక’ - ఈ మూడింటిలోనూ అచ్చులు ఒకటే. తేడా అంతా త, ప, క అనే రెప్పపాటు శబ్దాలలో ఉన్నది. పెద్దవాడైతే సందర్భాన్నిబట్టి ఊహించుకొంటాడు. మాటలనే ఇంకా ఎరుగనివాడు దేనినిబట్టి ఊహించగలడు?

1969లో హోమ్, కుంజ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు పసితనంనుండి చెవి జబ్బుతో బాధపడిన 16మంది పిల్లలను, అటువంటి చరిత్ర లేని 16మందితో పోల్చి చూశారు. జబ్బు పిల్లలు భాషా పరీక్షలలో వెనుకబడినట్లు తేలింది. ఈ చిన్న వ్యాసం పెద్ద అలజడి లేపింది. తరువాత బోస్టన్ నగరంలో టీల్, క్లైన్ బృందం వందలాది పిల్లలను పుట్టుకనుండి కనిపెట్టి చూసింది. మూడేండ్లు నిండేసరికి ఆ పిల్లలలో నూటికి 80మందికి పైగా ఒక్కసారైనా చెవిపోటు వచ్చింది, సగానికి కొంచెం తక్కువమందికి మూడు లేక అంతకంటె ఎక్కువసార్లు వచ్చింది. ఎక్కువ రోజులు చెవిలో నీరు నిలిచినవారికి భాషా పరీక్షలలో మార్కులు తగ్గాయని 1984లో ఆ బృందం ప్రకటించింది.

ఇక్కడ తర్కశాస్త్రం చదివినవారు ఒక చిక్కును గుర్తించాలి. ఇరుకు ఇండ్లు, పొగ తాగే పెద్దలు, పడుకోబెట్టి సీసాపాలు పట్టడం, బీదరికం - ఇవి చెవి జబ్బును పెంచుతాయి. బతుకుబరువుతో బిడ్డతో కూర్చొని కబుర్లు చెప్పే తీరిక లేకపోవడమూ చాలాసార్లు అదే ఇంట ఉంటుంది. రెండూ కలిసి కనబడినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణం కానక్కరలేదు. నీటిని తీసివేస్తే మాట మెరుగుపడుతుందా అని చూడడమొక్కటే మార్గం.

ఆ పని చేసినవాడు పిట్స్‌బర్గ్ వైద్యుడు జాక్ పారడైజ్. 1991 నుండి 1995 వరకు ఆయన బృందం రెండు నెలలైనా నిండని 6,350 మంది ఆరోగ్యవంతులైన శిశువులను నమోదు చేసుకొని, తరచుగా చెవులు పరీక్షించింది. రెండు చెవులలో మూడు నెలలు, లేక ఒక చెవిలో నాలుగున్నర నెలలు నీరు నిలిచినవారు మూడేండ్లలోపు 429 మంది తేలారు. వారిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు వెంటనే గొట్టాలు అమర్చారు. రెండవ జట్టును తొమ్మిది నెలల వరకు ఆగి, నీరు అప్పటికీ పోకపోతేనే అమర్చారు. బిడ్డకు నష్టం జరుగుతుందేమోనన్న భయంతో ఉన్న తల్లిదండ్రులు దీనికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. 

2001లో మొదటి ఫలితాలు వచ్చాయి. మూడేండ్ల వయస్సులో రెండు జట్ల పిల్లల మాటలో, భాషలో, తెలివితేటలలో తేడా లేదు. నాలుగేండ్లకూ లేదు, ఆరేండ్లకూ లేదు. తొమ్మిది నుండి పదకొండేండ్ల వయస్సులో చదవడం, రాయడం, బడిలో నడవడికలను కూడ పరీక్షించి 2007లో ప్రకటించారు. అప్పుడూ తేడా లేదు. ఆగిన జట్టులో చాలామందికి నీరు దానంతట అదే ఇంకిపోయింది. హాలెండ్‌లో 187మంది శిశువులపై జరిపి 2000లో ప్రకటించిన పరిశోధన కూడ ఇదే మాట చెప్పింది.

ఆరోగ్యంగా పుట్టిన శిశువు మెదడు అంత తేలికగా లొంగదన్నమాట. చెవి కొన్ని నెలలు మందగించినా, తరువాత దొరికిన మాటలతో లోటు పూడ్చుకొంటుంది. అందుచేత నీరు కనబడగానే గొట్టం వేయక మూడు నెలలు ఆగి చూడడం, తరువాత వినికిడి పరీక్ష చేసి నిర్ణయించడం నేటి పద్ధతి.

అయితే ఈ ఫలితాన్ని ఎంతవరకు చాపవచ్చునో అంతవరకే చాపాలి. పిట్స్‌బర్గ్ పిల్లలు ఇతర లోపాలు లేనివారు. అంగిలి చీలికతో పుట్టిన శిశువులలో నాళాన్ని తెరిచే కండరం పనిచేయక దాదాపు అందరికీ నీరు నిలుస్తుంది. డౌన్ లక్షణాలతో పుట్టినవారికీ, లోపలి చెవిలోనే లోపం ఉన్నవారికీ పై లెక్క వర్తించదు. ఆస్ట్రేలియా మారుమూలల ఆదివాసుల పిల్లలకు మొదటి ఏట మొదలైన చీము బడి ఈడు వరకు వదలదు. వారి సంగతీ వేరే. కొన్ని నెలల మందం వేరు, బాల్యమంతటి మందం వేరు.

మన దేశంలో నేటికీ ముఖ్యమైన సమస్య ఈ రెండవ రకమే. కర్ణభేరి చిల్లిపడి ఏండ్లతరబడి చీము కారే చెవులు పల్లెబడులలో అరుదు కాదు. ‘పెద్దయితే అదే పోతుంది’ అన్నమాట, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం - ఈ రెండూ దానికి తోడవుతున్నాయి. చిల్లిపడిన చెవిలో నూనె పోస్తే అది సూటిగా మధ్య చెవిలోకే పోతుంది. 2006-07లో చెవుడు నివారణ జాతీయ కార్యక్రమం మొదలైనది. న్యూమోకాకస్ క్రిమిపై టీకా, ఆ క్రిమివల్ల వచ్చే చెవిపోటును కొంత తగ్గించగలిగినది, 2017లో కొన్ని రాష్ట్రాలలో ప్రవేశించి 2021 నుండి దేశమంతటా శిశువులకు ఇవ్వబడుతున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే వైద్యబృందాలు పరీక్షించవలసిన జాబితాలో చెవి వాపు, వినికిడి లోపం, మాట ఆలస్యం మూడూ ఉన్నవి. హైదరాబాదు వాసి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా పనిచేసిన ఆలీ యావర్ జంగ్ పేరిట ఉన్న జాతీయ సంస్థకు సికిందరాబాదులో శాఖ ఉన్నది.

మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష ముందు జరగవలసి ఉండగా, ఆ పరీక్ష ఇప్పుడు కష్టమైనది కూడ కాదు. డెన్మార్క్ శాస్త్రజ్ఞులు టెర్కిల్డ్‌సన్, టామ్‌సన్ 1959లో రూపొందించిన పద్ధతిలో చెవి కాలువలో ఒక చిన్న బిరడా ఉంచి, గాలి ఒత్తిడిని కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఒక శబ్దాన్ని పంపుతారు. కర్ణభేరి వెనుక గాలి ఉంటే గీత కొండశిఖరంవలె లేస్తుంది, నీరు ఉంటే చదునుగా పడి ఉంటుంది. బిడ్డ ఏమీ చెప్పనక్కరలేదు. కొన్ని క్షణాలు కదలకుండా తల్లి ఒడిలో కూర్చుంటే చాలు.